యూనిట్ - 12 : పసిపిల్లలకు మలమూత్ర విసర్జన అలవాటు - ‘ఎప్పుడు?’ అనే ప్రశ్న చరిత్ర

విషయక్రమం

12.0 లక్ష్యాలు
12.1 ఉపోద్ఘాతం
12.2 ఆధారాలు : మాటలు, వస్తువులు, జ్ఞాపకాలు
12.3 కాళ్ళమీద కూర్చోబెట్టే పద్ధతి : పలివెల పరిసరాలు
12.4 పాత గ్రంథాల దృష్టి
12.5 గడియారం కాలం
12.6 ‘సంసిద్ధత’ భావన
12.7 తొందర వేరు, కఠినత్వం వేరు
12.8 మరుగుదొడ్డి, డైపరు, బడి
12.9 ఇప్పటి అవగాహన
12.10 సారాంశం
12.11 మీ ప్రగతిని తెలుసుకోండి : సమాధానాలు
12.12 నమూనా పరీక్ష ప్రశ్నలు
12.13 పదకోశం

12.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు :

- పసిపిల్లల పెంపకం కూడా చరిత్ర రచనకు తగిన విషయమేనని వివరించగలుగుతారు.
- కోనసీమ పల్లెల్లో పిల్లలకు విసర్జన అలవాటు చేసే సంప్రదాయ పద్ధతిని, దానికి ఆధారమైన పరిస్థితులను వర్ణించగలుగుతారు.
- 20వ శతాబ్దంలో ఈ విషయమై నిపుణుల సలహాలు ఎలా మారాయో, ఎందుకు మారాయో చెప్పగలుగుతారు.
- ‘సంసిద్ధత’ అనే భావన ఉపయోగాన్ని, పరిమితులను అంచనా వేయగలుగుతారు.

12.1 ఉపోద్ఘాతం

ఒక సన్నివేశాన్ని ఊహించుకోండి. కొత్తపేట మండలంలోని పలివెలలో ఒక ఇంటి వసారాలో కూర్చొని ఒక పెద్దావిడ అమెరికాలో ఉన్న కూతురితో వీడియోకాల్‌లో మాట్లాడుతున్నారు. మనవడికి పద్నాలుగు నెలలు. “ఇంకా ఆ డైపరేమిటే వాడికి? ఈ వయసుకి నువ్వు కాళ్ళమీద కూర్చోబెడితే ఇట్టే వెళ్ళిపోయేదానివి” అంటారావిడ. “ఇప్పుడే వద్దమ్మా, రెండేళ్ళు దాటాక మొదలుపెట్టమన్నారు డాక్టరు గారు” అంటుంది కూతురు. ఇద్దరూ ఒకరినొకరు నొప్పించకుండా మాట మారుస్తారు. కాని అనుమానం ఇద్దరికీ మిగిలిపోతుంది. తల్లి చేసింది తప్పా? కూతురు చేస్తున్నది ఆలస్యమా?

ఇలాంటి సంభాషణ మీ ఇంట్లోనూ జరిగి ఉండవచ్చు. మీలో కొందరు తల్లులు, తండ్రులు. కొందరు అంగన్‌వాడీలో పనిచేస్తూ చదువుకుంటున్నవారు. మీరు కూడా ఈ ప్రశ్నను ఎదుర్కొని ఉంటారు. మామూలుగా దీనిని వైద్యానికి లేదా శిశు మనస్తత్వ శాస్త్రానికి సంబంధించిన ప్రశ్నగా భావిస్తాం. ఈ యూనిట్‌లో దానిని చరిత్ర ప్రశ్నగా చూద్దాం. ‘ఎప్పుడు మొదలుపెట్టాలి?’ అన్న ప్రశ్నకు వేరువేరు కాలాల్లో వేరువేరు సమాధానాలు వచ్చాయి. అంతేకాదు, అసలు ఈ ప్రశ్నే పుట్టని కాలాలు, ప్రదేశాలు కూడా ఉన్నాయి. ఎందుకలా జరిగిందో తెలుసుకుంటే ఆ తల్లీకూతుళ్ళ మధ్య ఉన్న తేడా ఒకరి తెలివికీ మరొకరి తెలివితక్కువకీ సంబంధించినది కాదని అర్థమవుతుంది.

12.2 ఆధారాలు : మాటలు, వస్తువులు, జ్ఞాపకాలు

రాజుల శాసనాలలో పసిపిల్లల పొత్తిగుడ్డల ప్రస్తావన ఉండదు. అలాంటప్పుడు ఈ చరిత్రను దేని ఆధారంగా రాయాలి? ఫ్రెంచి చరిత్రకారుడు ఫిలిప్ ఏరియెస్ 1960లో ప్రచురించిన గ్రంథం బాల్యానికి కూడా చరిత్ర ఉందని, బాల్యాన్ని గురించిన భావాలు కాలాన్నిబట్టి మారుతాయని వాదించింది. ఆయన నిర్ణయాలలో కొన్నింటిని తరవాతి చరిత్రకారులు అంగీకరించలేదు. అయినా ఇంటి లోపలి జీవితం చరిత్ర పరిధిలోకి రావడానికి ఆ గ్రంథం బాట వేసింది.

మనకు దొరికే మొదటి ఆధారం భాష. ‘దొడ్డి’ అంటే ఇంటి వెనక ఖాళీ స్థలం, పశువులను కట్టే చోటు. ‘బందెలదొడ్డి’ అన్న మాటలో ఈ అర్థం ఇప్పటికీ నిలిచి ఉంది. ‘దొడ్డికి వెళ్ళడం’ అంటే మొదట పెరటివైపు వెళ్ళడమే. ఆ చోటికి మరుగు కల్పిస్తే ‘మరుగుదొడ్డి’ అయింది. ‘బయటికి వెళ్ళడం’, ‘చెంబు పట్టుకెళ్ళడం’, ‘బహిర్భూమి’ - ఈ మాటలన్నీ కూడా ఇంటి వెలుపలినే సూచిస్తాయి. అంటే పెద్దల విసర్జన స్థలం ఇంటి బయట. పసిబిడ్డది మాత్రం ఇంటి లోపల, తల్లి కాళ్ళమీద. బిడ్డ పెరగడమంటే లోపలినుంచి బయటికి నడవడం. ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి. 12.3లో మళ్ళీ దీని అవసరం వస్తుంది.

రెండో ఆధారం వస్తువులు. ఏథెన్స్ నగరంలోని ప్రాచీన అగోరా తవ్వకాలలో క్రీ.పూ. 6వ శతాబ్దానికి చెందిన ఒక మట్టి పీట దొరికింది. మధ్యలో రంధ్రంతో, బిడ్డ కాళ్ళు బయటికి చాచుకోవడానికి వీలుగా దానిని తయారుచేశారు. పసిపిల్లలను ప్రత్యేకమైన పీటమీద కూర్చోబెట్టే అలవాటు రెండున్నర వేల సంవత్సరాల కిందటే అక్కడ ఉందని దీనినిబట్టి చెప్పవచ్చు. మన పల్లెల్లో అటువంటి పీట అవసరం రాలేదు. అమ్మ పాదాలే పీట. పాదాలు తవ్వకాలలో దొరకవు కాబట్టి మన వైపు చరిత్రకు మూడో ఆధారమైన మౌఖిక జ్ఞాపకాలమీద ఎక్కువగా ఆధారపడాలి. ఆ జ్ఞాపకాలు మన ఇళ్ళలోని మామ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర ఉన్నాయి. వారు ఉండగానే వాటిని రాసుకోవాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి - I
గమనిక : మీ సమాధానాన్ని విడి కాగితంమీద రాసి, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో సరిపోల్చుకోండి.
1. ‘దొడ్డికి వెళ్ళడం’ అన్న మాట సామాజిక చరిత్రకు ఏ విధంగా ఆధారమవుతుంది?

12.3 కాళ్ళమీద కూర్చోబెట్టే పద్ధతి : పలివెల పరిసరాలు

ఉమా కొప్పులింగేశ్వరస్వామి ఆలయంవల్ల పలివెల పేరు చాలామందికి తెలుసు. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న డెల్టా ఊళ్ళలో ఇది ఒకటి. 1847 - 1852 మధ్య ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మించిన తరవాత ఈ ప్రాంతంలో కాలవల వ్యవస్థ విస్తరించింది. కొబ్బరితోటలు, వరిచేలు, కాలవగట్లు, రేవులు - ఈ పరిసరాలలోనే పిల్లల పెంపకం జరిగింది.

పద్ధతి ఇది. తల్లి గాని, మామ్మ గాని పెరటి గడపలోనో, పీటమీదో కాళ్ళు చాచి కూర్చుంటుంది. రెండు పాదాలు కొద్దిగా ఎడంచేసి, బిడ్డ పిర్రలు ఆ ఎడంలోకి వచ్చేలా కూర్చోబెడుతుంది. బిడ్డ వీపు ఆమె మోకాళ్ళకు ఆనుతుంది లేదా బిడ్డ ముఖం ఆమెవైపు ఉంటుంది. మూత్రానికైతే ‘ఉస్స్’ అని సన్నగా శబ్దం చేస్తుంది. దొడ్డికైతే తానూ కాస్త ముక్కినట్లు శబ్దం చేస్తుంది. నిద్ర లేవగానే, పాలు తాగిన కొద్దిసేపటికి, లాల పోసే ముందు - ఇవి దానికి సమయాలు. బిడ్డ ముఖం ఎర్రబడటం, ఉన్నట్టుండి ఆడటం మాని నిలిచిపోవడం, కాళ్ళు ముడుచుకోవడం చూసి ‘వస్తోంది’ అని పసిగడతారు. మెడ నిలబెట్టిన కొన్నాళ్ళకే ఈ అలవాటు మొదలవుతుంది. ‘ఇవాళ్టినుంచి నేర్పుతున్నాం’ అని ముహూర్తం ఉండదు.

ఈ పద్ధతి కొనసాగడానికి నాలుగు కారణాలు చెప్పుకోవచ్చు.

ఒకటి, బట్ట. పాత నూలుచీరలను చించి మెత్తని పొత్తిగుడ్డలు చేసేవారు. అవి తడిని దాచవు. బిడ్డ తడిస్తే బిడ్డకూ తెలుస్తుంది, ఎత్తుకున్నవారికీ తెలుస్తుంది. కాస్త పెద్దయ్యాక మొలతాడు తప్ప మొలకు గుడ్డ ఉండేది కాదు.

రెండు, వాతావరణం. ఏడాదిలో ఎక్కువ నెలలు వెచ్చగా ఉండే చోట బిడ్డను దిసమొలతో వదలడం కష్టం కాదు. చలి దేశాల్లో ఇది సాధ్యం కాదు.

మూడు, నేల. పేడతో అలికిన మట్టినేలమీద బిడ్డ తడిపితే నీళ్ళు చల్లి మళ్ళీ అలుకుతారు. మలమైతే బూడిద చల్లి ఎత్తి పెంటమీద పారేస్తారు. తివాచీలు, పరుపులు లేని ఇంట్లో ఒక పొరపాటు పెద్ద నష్టం కాదు. నష్టం లేనిచోట కోపానికి కూడా తావు తక్కువ.

నాలుగు, మనుషులు. పెద్ద కుటుంబంలో బిడ్డను కనిపెట్టుకొని ఉండే చేతులు ఎక్కువ. అయితే ఆ చేతులు ఎవరివి? తల్లివి, మామ్మవి, పదేళ్ళ అక్కవి. కలిగిన ఇళ్ళలో పనిమనిషివి. తమ్ముణ్ణి కనిపెట్టుకోవడానికి బడి మానిన అక్కల శ్రమ ఏ లెక్కల్లోకీ ఎక్కలేదు. సంప్రదాయ పద్ధతిని మెచ్చుకొనేటప్పుడు ఈ శ్రమను మరవకూడదు.

ఇక్కడ ఇంకొక విషయం ఉంది. కాళ్ళమీద కూర్చోవడం అలవాటైన బిడ్డకు అక్కడితో పాఠం అయిపోయినట్లు కాదు. రెండో దశ తరవాత వస్తుంది. ముందుగా చెప్పడం, పెరటిలోకి తానే వెళ్ళడం, చివరికి తానే కడుక్కోవడం. కాళ్ళమీది దశ నెలల వయసులో మొదలైతే, కడుక్కోవడం వచ్చేసరికి కొన్నేళ్ళు పడుతుంది. అందువల్ల “మా పిల్లలకు ఏడాదిలోపే అలవాటైంది” అని మామ్మ చెప్పినప్పుడు ఆమె చెబుతున్నది మొదటి దశ గురించి. “మూడేళ్ళకు అలవాటైంది” అని నేటి తల్లి చెప్పేటప్పుడు ఆమె ఉద్దేశం రెండో దశకు దగ్గరగా ఉంటుంది. ఇద్దరూ ఒకే మాట వాడుతున్నా కొలుస్తున్నది వేరు. చరిత్రలో రెండు కాలాలను పోల్చేటప్పుడు ఇలాంటి పొరపాటు తరచుగా జరుగుతుంది.

12.4 పాత గ్రంథాల దృష్టి

చరక సంహిత శారీరస్థానంలో ‘కుమారాగారం’ వర్ణన ఉంది. బిడ్డ ఉండే ఇల్లు ఎలా ఉండాలో చెబుతూ నీటికి, స్నానానికి, వంటకు, మలవిసర్జనకు స్థలాలు చక్కగా విడదీసి ఉండాలంటుంది. మలమూత్రాలతో తడిసిన పక్కగుడ్డలను తీసివేయాలని, వేరేవి లేకపోతే వాటినే బాగా ఉతికి, ధూపం వేసి, ఆరబెట్టి వాడాలని సూచిస్తుంది. అదే సంహిత సూత్రస్థానంలో మలమూత్రాది వేగాలను అణచిపెట్టకూడదని చెప్పే అధ్యాయం ఒకటి ఉంది. ఈ రెండింటిలోనూ బిడ్డను ఏ వయసులో కట్టడి చేయాలన్న ఆదుర్దా కనిపించదు. శుభ్రత బాధ్యత పెద్దలది, వేగం దేహానిది అన్నది వాటి దృష్టి.

ఇంగ్లండులో జాన్ లాక్ 1693లో ప్రచురించిన విద్యావిషయక గ్రంథంలో పిల్లలను రోజూ ఉదయం ఫలాహారం తరవాత విసర్జనకు కూర్చోబెట్టడం అలవాటు చేయాలని రాశాడు. మలబద్ధకం పోగొట్టడం ఆయన ఉద్దేశం. అయితే ఆయన మాటలలో ఒక కొత్త ఆలోచన ఉంది. దేహపు వేగాన్ని వేళకు లోబరచవచ్చు. రెండు శతాబ్దాల తరవాత ఈ ఆలోచన చాలా దూరం వెళ్ళింది.

12.5 గడియారం కాలం

19వ శతాబ్దం చివరినుంచి 1930ల వరకు పాశ్చాత్య దేశాలలో పిల్లల పెంపకం సలహాలను గడియారం శాసించింది. పాలు వేళకు, నిద్ర వేళకు, విసర్జన వేళకు. న్యూజీలాండ్‌లో 1907లో ప్లంకెట్ సొసైటీని స్థాపించిన డాక్టర్ ట్రూబీ కింగ్ ఈ క్రమశిక్షణకు గట్టి ప్రచారకుడు. అమెరికా ప్రభుత్వం 1912లో బాలల బ్యూరోను ఏర్పాటు చేసింది. ఆ సంస్థ 1914లో శిశుసంరక్షణపై ఒక కరపుస్తకం వెలువరించింది. మలవిసర్జన అలవాటును మూడో నెలకల్లా, వీలైతే అంతకన్నా ముందే మొదలుపెట్టవచ్చని అది చెప్పింది. 1920లలో వచ్చిన ముద్రణల్లో కచ్చితత్వం ఇంకా పెరిగింది. వేళ తప్పకుండా రావడానికి సబ్బుముక్కను సాధనంగా వాడటం కూడా ఆ కాలపు సలహాలలో ఉంది. 1928లో ప్రవర్తనావాది జాన్ వాట్సన్ ప్రచురించిన పుస్తకం పిల్లలను ముద్దుచేయవద్దని, అలవాట్లను శిక్షణతో నిర్మించాలని బోధించింది.

ఈ తొందరకు కారణాలేమిటి? మొదటిది చాకిరి. బట్టలు ఉతికే యంత్రాలు ఇంటింటికీ రాకముందు, చలికాలంలో, బిడ్డ గుడ్డలన్నింటినీ మరిగించి ఉతికి ఆరబెట్టడం తల్లికి తీరని పని. రెండోది రోగభయం. సూక్ష్మజీవుల సిద్ధాంతం వ్యాపించిన తరవాత మలం అంటే రోగం అన్న స్పృహ పెరిగింది. మూడోది పారిశ్రామిక సమాజపు విలువ. వేళకు పనిచేసే మనిషిని ఉయ్యాలలోనే తయారుచేయాలన్న ఆశ.

అదే కాలంలో దీనికి ఎదురుగా మరొక ధోరణి బయలుదేరింది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1905లోను, 1908లోను రాసిన రచనల్లో విసర్జనకు సంబంధించిన తొలి అనుభవాలు పెద్దయ్యాక మనిషి స్వభావంమీద ముద్ర వేస్తాయని ప్రతిపాదించాడు. ఆ సిద్ధాంతంలోని వివరాలను ఈనాటి మనస్తత్వ శాస్త్రం చాలావరకు అంగీకరించదు. అయితే ‘బలవంతం చేస్తే బిడ్డ మనసు దెబ్బతింటుందేమో’ అన్న శంక చదువుకున్న తల్లిదండ్రులలో పాతుకుపోవడానికి అది కారణమయింది.

12.6 ‘సంసిద్ధత’ భావన

గడియారం పద్ధతిని మొదట ప్రశ్నించిన వాటిలో ప్రయోగం ఒకటి. అమెరికాలో మర్టిల్ మెక్‌గ్రా అనే పరిశోధకురాలు కవల పిల్లలను పరిశీలించి 1940లో ఫలితాలు ప్రకటించింది. కవలలలో ఒకరిని తొలి నెలలనుంచే పగటిపూట గంటగంటకు పాటీమీద కూర్చోబెట్టారు. రెండో బిడ్డకు ఆ శిక్షణ చాలా ఆలస్యంగా మొదలుపెట్టారు. ఆలస్యంగా మొదలుపెట్టిన బిడ్డ కొద్దికాలంలోనే మొదటి బిడ్డతో సమానమయింది. నాడీమండలం పక్వానికి రాకముందు చేసిన శిక్షణవల్ల పెద్దగా లాభం లేదని ఆమె నిర్ధారించింది.

1946లో వెలువడిన బెంజమిన్ స్పాక్ పుస్తకం బిడ్డను తొందరపెట్టవద్దన్న మాటను లక్షల ఇళ్ళకు చేర్చింది. 1962లో డాక్టర్ టి. బెర్రీ బ్రేజెల్టన్ ప్రచురించిన వ్యాసం ఈ మార్పుకు ఒక రూపం ఇచ్చింది. 1951 - 61 మధ్య తాను చూసిన 1,170 మంది పిల్లల వివరాలను ఆయన అందులో విశ్లేషించాడు. 18 నెలలు నిండకముందు శిక్షణ వద్దని, బిడ్డ దేహం, మనసు రెండూ సిద్ధమైన సూచనలు కనిపించాకే మెల్లగా మొదలుపెట్టాలని ఆయన సలహా. ఆ పిల్లలలో పగటి అలవాటు పూర్తయిన సగటు వయసు 28.5 నెలలు. ‘సంసిద్ధత’ అనే మాట అప్పటినుంచి శిశువైద్యుల నిఘంటువులో స్థిరపడింది.

1973లో ఫాక్స్, అజ్రిన్ అనే పరిశోధకులు మరొక దారి చూపారు. 34 మంది పిల్లలకు బొమ్మతో చేసి చూపించడం, ఎక్కువగా పానీయాలు తాగించడం, మెప్పుదల వంటి పద్ధతులతో సగటున 3.9 గంటలలో పగటి అలవాటు నేర్పగలిగామని ప్రకటించారు. దీనిని చూసి వారు సంసిద్ధతను తోసిపుచ్చారనుకోకండి. వారు తీసుకున్న పిల్లలు 20 నెలలు దాటినవారే. 2003లో ఫిలడెల్ఫియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం 27 నెలలకు ముందు గట్టిగా శిక్షణ మొదలుపెట్టినవారికి శిక్షణ ఎక్కువ కాలం పట్టిందే గాని, అంతకన్నా ముందుగా ముగియలేదని చూపింది.

మీ ప్రగతిని తెలుసుకోండి - II
2. 1920ల నాటి తొందరకు మూడు కారణాలు రాయండి.
3. మెక్‌గ్రా కవలల పరిశీలన ఏమి చూపింది?

12.7 తొందర వేరు, కఠినత్వం వేరు

ఇంతవరకు చదివిన తరవాత మీకు ఒక సందేహం రావాలి. 18 నెలలకు ముందు వీలుకాదని ఒక సిద్ధాంతం చెబుతుంటే, పలివెల మామ్మ చెప్పే మాట సంగతేమిటి?

1977లో ఒక శిశువైద్య పత్రికలో డివ్రీస్ దంపతుల వ్యాసం వచ్చింది. తూర్పు ఆఫ్రికా తీరంలోని డిగో జాతివారి పెంపకాన్ని వారు వర్ణించారు. అక్కడ తల్లి నేలమీద కాళ్ళు చాచుకొని కూర్చొని, బిడ్డను కాళ్ళమధ్య పట్టుకొని, ఒక శబ్దం చేస్తుంది. పుట్టిన కొద్ది వారాలకే మొదలుపెడతారు. అయిదారు నెలలకల్లా బిడ్డ ఆ శబ్దానికి స్పందిస్తుంది, చాలావరకు పొడిగా ఉంటుంది. ఈ వర్ణన చదువుతుంటే మన ఇంటి పెరడు కళ్ళముందు కదలదా? ఎన్నడూ ఒకరినొకరు చూడని రెండు సమాజాలు ఒకే రకమైన పరిస్థితులలో ఒకే రకమైన పద్ధతికి వచ్చాయి.

అంటే సంసిద్ధత అన్నది దేహంలో మాత్రమే లేదు. ఏమి నేర్పుతున్నామన్నదానిమీద కూడా అది ఆధారపడుతుంది. బిడ్డ తానే గ్రహించి, తానే నడిచి, తానే బట్ట విప్పి కూర్చోవాలంటే రెండేళ్ళ పక్వత కావాలి. బిడ్డ సూచన ఇస్తే పెద్దవారు గ్రహించి కూర్చోబెట్టడం చాలనుకుంటే అంత కాలం అక్కరలేదు. మొదటిదానిలో నేర్చుకొనేది బిడ్డ ఒక్కతే. రెండోదానిలో బిడ్డ, తల్లి ఇద్దరూ నేర్చుకుంటారు.

మనస్తత్వవేత్త సుధీర్ కాకర్ 1978లో ప్రచురించిన గ్రంథంలో భారతీయ బాల్యంలో విసర్జన విషయమై ఒత్తిడి చాలా తక్కువని గమనించాడు. ఒకవైపు ముందుగా మొదలుపెట్టడం, మరొకవైపు ఒత్తిడి లేకపోవడం - ఇవి పరస్పర విరుద్ధంగా కనిపించవచ్చు. 1920ల అమెరికాలో తొందర, కఠినత్వం జంటగా వచ్చాయి కాబట్టి అవి రెండూ ఒకటే అన్న భావం నిపుణులలో ఏర్పడింది. మన పెరటిలో మాత్రం తొందర ఉంది, కఠినత్వం లేదు. బిడ్డ వెళ్ళకపోతే “సరేలే, తరవాత చూద్దాం” అని ఎత్తుకునేవారు. ఈ యూనిట్‌లో మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన భేదం ఇదే. బిడ్డకు హాని చేసేది ముందుగా కూర్చోబెట్టడం కాదు, కూర్చోబెట్టి తిట్టడం.

అలాగని సంప్రదాయమంతా మృదువైనదే అనుకోవద్దు. మూడు, నాలుగేళ్ళు వచ్చినా పక్క తడిపే బిడ్డను నలుగురిలో నవ్వులపాలు చేయడం, వాతలు పెడతామని బెదిరించడం మన ఇళ్ళలో వినని మాటలు కావు. మొదటి దశలో ఉన్న ఓర్పు రెండో దశలో తరచుగా కరువయ్యేది.

12.8 మరుగుదొడ్డి, డైపరు, బడి

గత 50 సంవత్సరాలలో ఈ చరిత్రను మూడు విషయాలు మలుపు తిప్పాయి.

మొదటిది మరుగుదొడ్డి. కేంద్రప్రభుత్వం 1986లో గ్రామీణ పారిశుధ్య కార్యక్రమాన్ని, 1999లో సంపూర్ణ పారిశుధ్య ఉద్యమాన్ని, 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మిషన్‌ను ప్రారంభించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో 69.3 శాతానికి ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి లేదు. ఆ తరవాత నిర్మాణం వేగంగా జరిగింది. డెల్టాలో దీనికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. వానాకాలంలో కొద్ది లోతులోనే నీరు తగులుతుంది. గొయ్యి నీటితో నిండుతుంది, పక్కనే ఉన్న బావికో బోరుకో ప్రమాదం కలుగుతుంది.

మరుగుదొడ్డి వచ్చినంతమాత్రాన పసిబిడ్డ దానిని వాడదు. పెద్దల కొలతతో కట్టిన బేసినుకు అటూ ఇటూ కాళ్ళు వేసి గొంతుకు కూర్చోవడం రెండేళ్ళ బిడ్డకు చేతకాదు. లోపల చీకటి, జారే నేల, పడిపోతానన్న భయం. అందువల్ల మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో కూడా బిడ్డ వాకిట్లోనో, కాలవగట్టునో కూర్చోవడం కొనసాగింది. దీని వెనక ‘పసిపిల్లల దొడ్డి దోషం లేనిది’ అన్న నమ్మకం కూడా ఉంది. వాస్తవానికి పిల్లల మలంలో విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు పెద్దలకన్నా ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. బూడిద చల్లి పెంటమీద వేయడం ఆనాటికి శుభ్రతే. కాని అదే పెంటమీద కోళ్ళు గెలుకుతాయి, వానకు అది కాలవలోకి చేరుతుంది. బిడ్డ ఎక్కడ కూర్చున్నా ఆ మలాన్ని మరుగుదొడ్డిలో వేయడం, తరవాత సబ్బుతో చేతులు కడుక్కోవడం - సంప్రదాయ పద్ధతికి చేర్చవలసిన సవరణ ఇది.

ఇక్కడే మరొక చరిత్ర కూడా ఉంది. పట్టణాల పొడి మరుగుదొడ్లలోని మలాన్ని చేతులతో ఎత్తే పనిని కులం పేరుతో కొందరి నెత్తిన పెట్టారు. దీనిని నిషేధిస్తూ 1993లోను, తిరిగి 2013లోను చట్టాలు వచ్చాయి. బిడ్డ మలాన్ని అసహ్యం లేకుండా ఎత్తిన సమాజమే, పెద్దల మలాన్ని ఎత్తేవారిని అంటరానివారిగా చూసింది. పిల్లలకు శుభ్రత నేర్పేటప్పుడు ‘ఛీ’ అన్న మాటతో పాటు ఏ భావాన్ని నేర్పుతున్నామో ఆలోచించండి.

రెండోది డైపరు. అమెరికాలో 1961లో పాంపర్స్ మార్కెట్‌లోకి వచ్చింది. వాడి పారేసే డైపరు ఉతుకుడు బాధను తీసివేసింది. దానితో తొందరపడటానికి ఉన్న మొదటి కారణం పోయింది. అంతేకాక బిడ్డకు తడి తెలియకుండా పోయింది. 1998లో పెద్ద పరిమాణంలోని డైపర్ల ప్రకటనలో బ్రేజెల్టన్ కనిపించినప్పుడు, ‘ఆగండి’ అన్న సలహావల్ల ఎవరికి లాభమన్న చర్చ అక్కడ జరిగింది. ఆయన సలహా డైపరు వ్యాపారం పెరగకముందు చేసిన పరిశీలనలనుంచి వచ్చింది కాబట్టి దానిని వ్యాపార సలహాగా తీసివేయలేం. కాని ఒక సలహా ఎంత కాలం నిలుస్తుందన్నది దాని శాస్త్రీయతమీదనే కాక, దానికి అనుకూలించే మార్కెట్‌మీద కూడా ఆధారపడుతుందని చరిత్ర విద్యార్థిగా మీరు గుర్తించాలి. ఇప్పుడు కోనసీమ పల్లె దుకాణంలో కూడా డైపర్లు వేలాడుతున్నాయి. వాడినవి ఎక్కడ పారేయాలన్నది కాలవల నాడుకు కొత్త సమస్య.

మూడోది బడి. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలయింది. దానితో అంగన్‌వాడీ వచ్చింది. తరవాత ప్రైవేటు నర్సరీలు వచ్చాయి. ‘బడిలో చేర్చేలోగా అలవాటు కావాలి’ అన్న గడువు దీనితో ఏర్పడింది. 1920లలో గడియారం చేసిన పనిని ఈనాడు కొన్ని ఇళ్ళలో బడి ప్రవేశ తేదీ చేస్తోంది.

12.9 ఇప్పటి అవగాహన

చరిత్ర చదివిన తరవాత ఆచరణకు ఏమి మిగులుతుంది? శిశువైద్యులు నేడు సాధారణంగా అంగీకరించే విషయాలు ఇవి. వయసు ఒక్కటే కొలత కాదు, సూచనలు చూడాలి.

(అ) బిడ్డ స్థిరంగా నడవగలగడం, కూర్చొని లేవగలగడం.
(ఆ) పగలు దాదాపు రెండు గంటలపాటు తడపకుండా ఉండటం.
(ఇ) రోజూ ఇంచుమించు ఒకే వేళకు విరేచనం కావడం.
(ఈ) తడిసినా, వస్తున్నా గ్రహించి మాటతోనో సైగతోనో చెప్పడం.
(ఉ) చిన్న చిన్న మాటలు విని చేయడం, లాగు కిందికి లాక్కోవడానికి ప్రయత్నించడం.
(ఊ) పెద్దవారిని అనుకరించాలన్న ఆసక్తి.

ఈ సూచనలు చాలామంది పిల్లలలో ఏడాదిన్నర తరవాత ఒక్కొక్కటిగా కనిపించి, రెండు, మూడేళ్ళ మధ్య కూడుకుంటాయి. రాత్రి అలవాటు పగటిదానికన్నా ఆలస్యంగా వస్తుంది. అయిదేళ్ళలోపు పక్క తడపడాన్ని జబ్బుగా పరిగణించరు. కొత్తగా చెల్లో తమ్ముడో పుట్టినప్పుడు, ఇల్లు మారినప్పుడు, జ్వరపడి లేచినప్పుడు మొదలుపెట్టకుండా కొన్ని వారాలు ఆగడం మంచిది. విరేచనం గట్టిగా అయి నొప్పి కలిగితే బిడ్డ బిగపట్టుకుంటుంది. బిగపట్టిన కొద్దీ ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు చేయవలసింది శిక్షణ కాదు, ముందు మలబద్ధకాన్ని వైద్యుని సలహాతో తగ్గించడం. మూత్రం పోసేటప్పుడు ఏడ్చినా, అలవాటైన బిడ్డ ఉన్నట్టుండి మళ్ళీ తడపడం మొదలుపెట్టినా ఆరోగ్యకేంద్రంలో చూపించాలి.

కాళ్ళమీద కూర్చోబెట్టే పద్ధతిని దీనితో కలపడానికి అడ్డులేదు. బిడ్డ ఇష్టపడినంత సేపే కూర్చోబెట్టడం, ఏడిస్తే వెంటనే ఎత్తుకోవడం, జరిగిన పొరపాటుకు శిక్షించకపోవడం - ఈ మూడు పాటిస్తే మామ్మ పద్ధతికీ డాక్టరు సలహాకూ తగవు లేదు. ఉపోద్ఘాతంలోని కూతురికి అమెరికాలో తివాచీ ఇల్లు, చలికాలం, ఉద్యోగం, ఒంటరి చేతులు. ఆమె తల్లికి పలివెలలో మట్టినేల, నూలుగుడ్డ, ఇంటినిండా మనుషులు. ఎవరి పరిస్థితికి వారు సరైన జవాబే చెప్పుకున్నారు.

12.10 సారాంశం

పసిపిల్లల విసర్జన అలవాటును ఎప్పుడు మొదలుపెట్టాలన్న ప్రశ్న అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు. కోనసీమ పల్లెలో కాళ్ళమీద కూర్చోబెట్టే పద్ధతికి ప్రత్యేకమైన ప్రారంభం లేదు. బట్ట, వాతావరణం, నేల, ఇంటి మనుషులు దానిని నిలబెట్టాయి. పాశ్చాత్య దేశాలలో 1930ల వరకు గడియారం, 1940ల తరవాత సంసిద్ధత సలహాలను నడిపించాయి. డిగో సమాజపు అధ్యయనం సంసిద్ధతకు సామాజిక పార్శ్వం ఉందని చూపింది. ముందుగా మొదలుపెట్టడం, కఠినంగా ఉండటం ఒకటి కావు. మరుగుదొడ్డి, డైపరు, బడి ఈ ప్రశ్నను మన పల్లెలకు కొత్త రూపంలో తెచ్చాయి. బిడ్డ సూచనలను చూడటం, మలాన్ని సురక్షితంగా పారవేయడం, శిక్షించకపోవడం - ఇవి ఏ పద్ధతికైనా వర్తిస్తాయి.

12.11 మీ ప్రగతిని తెలుసుకోండి : సమాధానాలు

1. దొడ్డి అంటే పెరడు. పెద్దల విసర్జన స్థలం ఇంటి వెలుపల ఉండేదని, బిడ్డ పెరుగుదల లోపలినుంచి బయటికి సాగేదని ఈ మాట తెలుపుతుంది.
2. ఉతుకుడు చాకిరి, సూక్ష్మజీవుల భయం, వేళపట్ల పారిశ్రామిక సమాజానికి గల గౌరవం.
3. ఆలస్యంగా మొదలుపెట్టిన బిడ్డ తొందరగా మొదలుపెట్టిన బిడ్డతో కొద్దికాలంలోనే సమానమవుతుందని, పక్వతకు ముందు శిక్షణవల్ల పెద్దగా లాభం లేదని చూపింది.

12.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. 20వ శతాబ్దంలో పిల్లల విసర్జన శిక్షణపై నిపుణుల సలహాలలో వచ్చిన మార్పులను కారణాలతో వివరించండి.
2. ‘తొందర వేరు, కఠినత్వం వేరు’ - కోనసీమ, డిగో ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. కాళ్ళమీద కూర్చోబెట్టే పద్ధతికి ఆధారమైన నాలుగు పరిస్థితులు ఏవి?
2. మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో కూడా పసిబిడ్డ దానిని వాడకపోవడానికి కారణాలేమిటి?

III. క్షేత్రకార్యం
మీ ఇంట్లోగాని, వీధిలోగాని అరవై ఏళ్ళు దాటిన ఇద్దరు స్త్రీలతో, ముప్ఫై ఏళ్ళలోపు ఇద్దరు తల్లులతో మాట్లాడండి. ‘ఎప్పుడు అలవాటైంది?’ అని అడిగి ఊరుకోకండి. అలవాటు కావడమంటే వారి ఉద్దేశం ఏమిటో, ఆ పని ఎవరు చేశారో, పొరపాటు జరిగితే ఏమి చేసేవారో కూడా అడగండి. వారి మాటలను వారి యాసలోనే రాసుకోండి. పేర్లు రాయకండి.

12.13 పదకోశం

పొత్తిగుడ్డ : పసిబిడ్డకు చుట్టే మెత్తని పాతబట్ట.
దిసమొల : మొలకు గుడ్డలేని స్థితి.
సంసిద్ధత : ఒక పనిని నేర్చుకోవడానికి దేహం, మనసు అనువుగా ఉన్న స్థితి.
పక్వత : వయసుతో పాటు నాడులు, కండరాలు పనికి తగినట్లు ఎదగడం.
మౌఖిక చరిత్ర : మనుషుల జ్ఞాపకాలను అడిగి నమోదు చేసి, వాటి ఆధారంగా రాసే చరిత్ర.